అడవి ఎత్తు పెంచిన విధానం

"ఇకమీదట ఈ ప్రభుత్వం అడవిని అంచనాలతో కాదు, వెలుతురుతో కొలుస్తుంది" అని అటవీ శాఖ మంత్రిగారు ప్రకటించినప్పుడు ఆ హాల్లో చప్పట్లు కొట్టనివాడు ఒక్కడే ఉన్నాడు. రెండు చేతుల్లోనూ పూలగుత్తి ఉండటం వల్ల కొట్టలేకపోయాడు తప్ప అందులో రాజకీయం ఏమీ లేదు. అతను ఆ అడవికి రేంజరు.

ప్రకటన మామూలుది కాదు. విమానం కడుపులో ఒక లేజరు యంత్రం పెట్టి అడవి మీద ఎగరేస్తారు. అది రెప్పపాటులో లెక్కలేనన్ని వెలుతురు చుక్కల్ని కిందికి విసురుతుంది. ఆకుకి తగిలింది ఆకు నుంచి, కొమ్మకి తగిలింది కొమ్మ నుంచి, సందుల్లోంచి జారిపోయింది నేల నుంచి తిరిగి వస్తుంది. ఏది ఎంతసేపటికి వచ్చిందో చూసి, ఏ చెట్టు ఎంత ఎత్తు, అడవికి ఎన్ని అంతస్తులు, మొత్తం బరువెంత అన్నది ఒక్క గొడ్డలి దెబ్బ పడకుండా చెప్పేయొచ్చు. ఆ బరువునే బయోమాస్ అంటారు.

"అడవి మొత్తాన్ని కోసి, ఎండబెట్టి, తూకం వేస్తే ఎంత తూగుతుందో, కోయకుండానే చెప్పేస్తుంది" అని మంత్రిగారు విలేకరులకి అరటిపండు ఒలిచినట్టు వివరించారు.

వేదిక మీద రెండో వరసలో ఉన్న ఆయన బావమరిదికి ఈ పద్ధతి అంతగా రుచించినట్టు లేదు. ఆయన కలప కాంట్రాక్టరు. కోసి చెప్పడంలోనే ఆయనకి అనుభవం.

"మా హయాంలో అడవి ఎత్తు పెరిగిందని నేను మొదట్నించీ చెబుతున్నాను" అన్నారు మంత్రిగారు. "నా మాట నమ్మనివాళ్ళు యంత్రం మాటైనా వింటారు. ఉత్తమ అడవికి ప్రపంచ హరిత సభ వారిచ్చే కిరీటం ఈ ఏడాది మన అడవికే వస్తుంది. రాకపోతే బాధ్యులెవరో చూసి, చెట్టన్నది కనబడని చోటికి బదిలీ చేస్తాను."

అందరూ నవ్వారు. మంత్రిగారు కూడా నవ్వారు, కానీ రేంజరు వైపు చూస్తూ నవ్వారు. పూలగుత్తిలోంచి ఒక పువ్వు రాలి రేంజరు బూటు మీద పడింది.

రేంజరుకి ఈ లోకంలో ఒకటే కోరిక. రిటైరయ్యేదాకా తన్ని ఈ అడవి నుంచి ఎవరూ కదపకుండా ఉంటే చాలు. కారణం కొండవాలు మీదున్న తోపు. ఉద్యోగం కొత్త, పెళ్ళి కొత్త, ఆ రెండింటి సంబరమూ తీరకముందే మొగుడూ పెళ్ళామూ కలిసి బోడిగా ఉన్న ఆ వాలు మీద మొక్కలు నాటారు. ఆవిడ కింది వాగులోంచి బకెట్లతో నీళ్ళు మోసింది. ఇవాళ అందులోకి వెళ్తే నడి ఎండలో కూడా చల్లగా ఉంటుంది. అక్కడి చెట్లకి ఆవిడ అత్తింటివాళ్ళ వరసలు పెట్టుకుంది. వంకరగా పెరిగి పక్కచెట్టు మీద పడేది పెద్దాడపడుచు. ఎన్ని నీళ్ళు పోసినా ఉలుకూ పలుకూ లేకుండా ఉండిపోయింది తోడికోడలు. అందరికన్నా పొడుగ్గా నిలబడి, కింద ఎవరున్నారో చూసుకోకుండా ఎండుకొమ్మలు పడేసేది మామగారు. ఈ బంధుబలగాన్ని వదిలి ఇంకో చోటికి వెళ్ళడమంటే ఆవిడకి ప్రాణం పోయినంత పని. రేంజరుకి అంతకన్నా ఎక్కువే, కానీ పైకి అనడు.

కొలత ఫలితాలు మంత్రిగారి గదిలో తెర మీద వేశారు. వేసినావిడ లేజరు ఇంజనీరు. అడిగిన దానికి జవాబు చెప్పడం, అడగనిది చెప్పబోయి ఆగిపోవడం ఆవిడ అలవాటు. పొడుగు చెట్లు ముదురాకుపచ్చ, పొట్టివి పసుపు అని ముందే చెప్పింది. తెర మొత్తం పసుపుగా ఉంది. ఒక మూల, కొండవాలు మీద మాత్రం, అరచేతంత ఆకుపచ్చ.

"ఈ పసుపేంటమ్మా?" అన్నారు మంత్రిగారు.

"పొదలు సార్."

"ఎంతెత్తు?"

"మోకాలి దాకా. అక్కడక్కడ నడుం దాకా కూడా ఉన్నాయి."

మంత్రిగారి పీఏ గొంతు సవరించుకున్నాడు. ఎంత చెడ్డ వార్తనైనా మంచి బట్టలు తొడిగి లోపలికి తీసుకురావడం అతని ఉద్యోగం. "అంటే సార్, అడవి సామాన్యుడి చేతికి అందుబాటులో ఉందన్నమాట" అన్నాడు.

"మరి చెట్లేమయ్యాయి?" అన్నారు మంత్రిగారు.

బావమరిది తలెత్తి సీలింగు ఫ్యాను వైపు శ్రద్ధగా చూడసాగాడు. ఆ చెట్లు ఎప్పుడో గుమ్మాలూ, బల్లలూ, సోఫాలూ అయి ప్రజాసేవలో ప్రవేశించాయి. మంత్రిగారు చెయ్యి ఆన్చుకున్న బల్ల కూడా ఆ సేవలోదే. ఈ సంగతి ఆ గదిలో అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

"మనకి కావాల్సింది ఎత్తు" అని మంత్రిగారు తేల్చారు. "ఎత్తుంటే బరువు అదే వస్తుంది. అంతేనా అమ్మా?"

"ఎత్తుని బట్టే బరువు లెక్కకడతాం సార్. కాకపోతే..."

"అంతే కదా. చాలు."

మొదటి ఆలోచన పీఏది. పొడుగాటి గడలకి పార్టీ జెండాలు కట్టి పొదల్లో పాతితే ఎత్తూ వస్తుంది, ప్రచారమూ అవుతుందన్నాడు. రేంజరు తన గార్డులతో ఆ పని దగ్గరుండి చేయించాడు. అడవి మొత్తం బహిరంగ సభ అయిపోయిన మర్నాటి మైదానంలా తయారైంది. విమానం మళ్ళీ ఎగిరింది. తెర మళ్ళీ పసుపుగానే వచ్చింది.

"జెండాలేవి?" అన్నారు మంత్రిగారు.

"గాల్లో విడిగా ఒక్కటే చుక్క కనబడితే సాఫ్ట్‌వేర్ దాన్ని పిట్ట అనుకుని తీసేస్తుంది సార్."

"మా జెండాని పిట్ట అందా?"

"దానికి పార్టీలు తెలియవు సార్."

"సాఫ్ట్‌వేర్ పోయిన ప్రభుత్వం కొన్నది సార్" అని పీఏ మంత్రిగారి చెవిలో వేశాడు. మంత్రిగారు ముఖం గంటు పెట్టుకున్నారు. ఆ తర్వాత ఆయన అడిగిన ప్రశ్నని ఏ విశ్వవిద్యాలయంలోనూ ఎవరూ ఆ ఉద్దేశంతో అడిగి ఉండరు.

"చెట్టు ఎత్తు ఎలా కడుతున్నావో ఇంకోసారి చెప్పమ్మా."

"పైన ఆకుల నుంచి వచ్చిన జవాబు ఎంత ఎత్తులో ఉందో చూస్తాం సార్. కింద నేల నుంచి వచ్చింది ఎంత ఎత్తులో ఉందో చూస్తాం. మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తే మిగిలింది చెట్టు."

మంత్రిగారు కళ్ళు మూసుకున్నారు. గొప్పవాళ్ళు ఆలోచిస్తున్నప్పుడు ఏసీ చప్పుడు బాగా వినబడుతుంది.

"అంటే చెట్టు చేతిలో ఉన్నది సగమే" అన్నారు చివరికి. "మిగతా సగం నేలది. చెట్టు మన మాట వినదు. ఎరువేసినా, మీటింగ్ పెట్టినా, దానికి బుద్ధి పుట్టినప్పుడే ఎదుగుతుంది. నేల అలా కాదు. నేల ప్రభుత్వానిది. దించమంటే దిగుతుంది."

బావమరిది ఫ్యాను మీంచి చూపు మళ్ళించాడు. ఊరి బయట కొత్త బైపాస్ రోడ్డు కాంట్రాక్టు కూడా ఆయనదే. దానికి మట్టి దొరక్క ఆయన కొన్నాళ్ళుగా నిద్రపోవడం లేదు.

"పొద చుట్టూ తవ్వేసి, పొద కింద మాత్రం మట్టి వదిలేస్తే ఎలా ఉంటుందమ్మా?" అన్నాడు, ఏమీ తెలియనివాడిలా.

ఇంజనీరు ఆలోచించింది. "ఆ మట్టి దిమ్మ నిటారుగా ఉంటే యంత్రం దాన్ని నేల అనుకోదు. పైన ఆకులున్నాయి కాబట్టి మొత్తం చెట్టే అనుకుంటుంది. కానీ సార్, అది తప్పు."

"తప్పు మనదా, యంత్రానిదా?"

"యంత్రానిది" అని ఆవిడ నిజాయితీగా ఒప్పుకుంది.

"యంత్రం చేసే తప్పులకి ప్రభుత్వం బాధ్యత వహించదు" అని మంత్రిగారు లేచారు. ఆ సాయంత్రమే 'నేల వినయం' పథకం ప్రకటించారు. పైకి ఎదగలేని అడవి కోసం నేలే ఒక మెట్టు దిగుతుందని, ఇంతటి త్యాగం చరిత్రలో లేదని పేపర్లు రాశాయి.

రేంజరు వరండాలో పీఏని పట్టుకున్నాడు. "కొండవాలు తోపు... అది ఆకుపచ్చగానే ఉంది కదండీ. దాన్ని వదిలేస్తారా?"

"ఎవరికి కావాలయ్యా నీ తోపు? అది ముందే పాసైపోయింది. దాని జోలికి రారు, మంత్రిగారి మాటగా చెబుతున్నాను. నువ్వు మాత్రం కిక్కురుమనకుండా యంత్రాలకి దారి చూపించు. బదిలీ ఊసే ఉండదు."

రేంజరు గుండెల మీంచి బరువు దిగింది. ఇంటికి వెళ్ళి పెళ్ళానికి చెబితే ఆవిడ కూరగాయలు తరగడం ఆపి చూసింది.

"చుట్టూ మట్టి తీసేస్తే ఆ పొదలు బతుకుతాయా?" అంది.

"పొదలేగా."

"మనం నాటినప్పుడు మనవీ పొదలే" అంది ఆవిడ.

రేంజరు కాఫీ అడిగాడు. ఇంట్లో పాలు లేవని ఆవిడ చెప్పింది. పాలు ఉన్నాయని అతనికి తెలుసు.

యంత్రాలు దిగాయి. రేంజరు ఈ చివర నుంచి ఆ చివరికి దారి చూపించాడు. మట్టి లారీల్లో బైపాస్ వైపు వెళ్ళింది. అడవిలో, మూడంతస్తుల మేడ మునిగేంత లోతున, నున్నగా చెక్కిన మట్టి స్తంభాలు లేచాయి. ఒక్కోదాని నెత్తి మీద ఒక్కో పొద, కింద ఏం జరిగిందో తెలియక అలాగే నిలబడి ఉంది. కుందేళ్ళు తమ పొదలు ఆకాశానికి వెళ్ళిపోవడం చూసి పొలాల వైపు వలసపోయాయి. బైపాస్ రోడ్డు శరవేగంగా పూర్తవుతోందని మంత్రిగారు బావమరిదిని ఇంకో సభలో సన్మానించారు.

మళ్ళీ విమానం, మళ్ళీ తెర. ఈసారి తెర మొత్తం ముదురాకుపచ్చ. గదిలో ఉన్నవాళ్ళకి కళ్ళు చెమర్చాయి. "అపార్ట్‌మెంట్లకి పర్మిషన్లిచ్చినప్పుడు కూడా ఇంత వేగంగా లేవలేదు" అన్నారు మంత్రిగారు. బరువెంతో ఇంజనీరు చదివితే, ఆ అంకెకి ఎన్ని సున్నాలో పీఏ వేళ్ళ మీద లెక్కపెట్టి మధ్యలో మానేశాడు.

అప్పుడు మంత్రిగారి వేలు తెర మీద ఒక మూలకి వెళ్ళింది. "ఇక్కడీ పసుపు మచ్చేంటి?"

"మిగతావాటికన్నా మరీ పొట్టిగా ఉన్నదాన్ని పసుపులో చూపిస్తుంది సార్. అది కొండవాలు తోపు. మిగతా అడవితో పోలిస్తే ఇప్పుడదే పొట్టిది."

రేంజరు తెర దగ్గరికి వచ్చాడు. "సార్, అందులో ఉన్నవే నిజం చెట్లు" అన్నాడు.

"కాదన్నానా? నిజమే. కానీ వెనకబడ్డాయి" అన్నారు మంత్రిగారు దయగా. "అడవంతా ఇంత అభివృద్ధి చెందితే ఒక్క ప్రాంతాన్ని ఇలా వదిలేస్తే జనం నన్నేమంటారు? రేపు కిరీటం ఇచ్చే జడ్జీలు అడగరా, ఈ మూల మీద మీకెందుకింత చిన్నచూపు అని?"

"దాని జోలికి రామని మాటిచ్చారు సార్."

"ఆ మాట మీదే ఉన్నాను. ఒక్క చెట్టుని ముట్టుకోం. కింద నేలని మాత్రమే ముట్టుకుంటాం. చెట్టు వేరు, నేల వేరు. అంత పెద్ద యంత్రమే రెండిటినీ విడివిడిగా చూస్తోంది, మీరెందుకు కలిపేస్తున్నారు?"

రేంజరు ఇంజనీరు వైపు చూశాడు. ఆవిడ ఏదో అనబోయి, ఎవరూ అడగలేదు కాబట్టి తల దించుకుని వైరు చుట్టుకుంది.

"పోనీ మీకు కష్టంగా ఉంటే వేరే రేంజరుని వేస్తాను" అన్నారు మంత్రిగారు. "కొత్తవాడికి ఈ తోపు మీద మీకున్న ప్రేమ ఉండదు. మొరటుగా తవ్విస్తాడు. ఆలోచించుకోండి."

రేంజరు ఆలోచించుకున్నాడు. తను ఉంటే కనీసం వేళ్ళు తెగకుండా చూసుకోవచ్చు అనుకున్నాడు. భయపడినవాడికి ఇలాంటి ఆలోచనలు చాలా తెలివైనవిగా కనబడతాయి. అతను మంచివాడే, అందులో సందేహం లేదు. కానీ మంచితనం ఒక్కదానితో యంత్రం ఆగదు.

తోపులో తవ్వకం పట్టపగలే జరిగింది. రేంజరు ఒక్కో చెట్టు దగ్గరా నిలబడి "కొంచెం దూరంగా, ఇంకొంచెం దూరంగా" అని చేతులూపాడు. "వేళ్ళు ఎక్కడిదాకా ఉన్నాయో తెలియాలి కదా సార్, లేజరుకి కూడా వేళ్ళు కనబడవట" అన్నాడు యంత్రం నడిపేవాడు. అతని తప్పేమీ లేదు. మామగారి కింద తవ్వుతున్నప్పుడు లోపల ఏవో పుటుక్కుమని తెగుతున్న చప్పుడు వినబడింది. రేంజరు అది రాయి అని తనకి తనే చెప్పుకున్నాడు.

సాయంత్రం ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది.

"మామగారి కింద తవ్వుతున్నప్పుడు మీరెక్కడున్నారు?" అంది.

"పక్కనే ఉన్నాను."

"ఏం చేస్తున్నారు?"

"జాగ్రత్తగా తవ్వమని చెబుతున్నాను."

ఆవిడ ఇంకేమీ అడగలేదు. అన్నం పెట్టింది.

తెర మీద పసుపు మచ్చ పోయింది. ఇప్పుడు కొండవాలు తోపే అడవి మొత్తంలో అన్నిటికన్నా ఎత్తు. మంత్రిగారు ఫోన్ చేసి రేంజరుని స్వయంగా అభినందించారు. "చూశారా, అనవసరంగా కంగారు పడ్డారు" అన్నారు.

ఆ వారంలోనే వాన పట్టుకుంది. మామూలు వానే. ప్రతి ఏడూ వచ్చేదే. పోయిన ఏడాది దాకా అది పొదల మీదా చెట్ల మీదా పడి, ఆకుల మీంచి జారి, నేలలోకి ఇంకి తన దారిన తను పోయేది. ఈసారి మట్టి స్తంభాల మీద పడింది. పొదల స్తంభాలు ముందు మెత్తబడ్డాయి. ఒకటి పక్కదాని మీద వాలింది, అది దాని పక్కదాని మీద. అడవి ఒక చివర నుంచి కూర్చుంటూ వచ్చింది.

రేంజరూ ఆవిడా గొడుగేసుకుని కొండవాలుకి వెళ్ళేసరికి తోపు సగం పోయింది. వాళ్ళు చూస్తుండగానే పెద్దాడపడుచు పక్కకి ఒరిగి, తోడికోడల్ని కూడా తీసుకుని కిందికి వెళ్ళింది. మామగారు మాత్రం చాలాసేపు నిలబడ్డాడు. రేంజరు లోపల్లోపల ఏ దేవుణ్ణి తలుచుకున్నాడో గానీ, చెట్టు పడదని ఒక్క నిమిషం గట్టిగా నమ్మాడు. తర్వాత దిమ్మ కింద నుంచి కరిగిపోయింది. చెట్టు నిలువునా కిందికి దిగి, నింపాదిగా పడుకుంది.

రేంజరు ఏడ్చాడు. గొడుగు ఎక్కడో పడిపోయింది. జీవితంలో తను చేసిన మంచి పని అదొక్కటే, దాన్ని తనే దారి చూపించి తవ్వించాడు. ఆ మాట అతనికి ఎవరూ చెప్పలేదు, చెప్పే అవసరం కూడా లేదు.

వాగు పొంగి, దారి మళ్ళి, తవ్విన గుంటలోకి దూకింది. వాన వెలిసేసరికి అడవి ఉన్న చోట అవతలి ఒడ్డు సరిగ్గా కనబడనంత నీళ్ళు నిలిచాయి. ఒక మొద్దు మెల్లగా తేలుతూ వాళ్ళ వైపు వచ్చింది.

"అప్పుడు వీటికి నేను నీళ్ళు మోశాను. ఇప్పుడు నీళ్ళే వీటిని మోస్తున్నాయి" అంది ఆవిడ. అని ఇంటికి నడిచింది. రేంజరు ఆవిడ వెనకాల వెళ్ళడానికి ధైర్యం చాలక అక్కడే కూర్చుండిపోయాడు.

హరిత సభ జడ్జీలు వచ్చే రోజు దగ్గరపడింది. నిబంధన ప్రకారం ఆఖరి కొలత వాళ్ళు వచ్చాకే తీయాలి. తీశారు. ఆ చిత్రం మంత్రిగారు కూడా మొదటిసారి సభలోనే చూశారు. తెర మీద ఆకుపచ్చ లేదు, పసుపు లేదు. అంచు నుంచి అంచు దాకా నల్లగా ఉంది.

సభలో గుసగుసలు మొదలయ్యాయి. మంచి బట్టలు తొడగడానికి పీఏకి వార్త అంటూ ఏదీ దొరకలేదు. బావమరిది అలవాటుగా ఫ్యాను కోసం చూశాడు గానీ ఆ హాల్లో ఫ్యాన్లు లేవు.

జడ్జీల్లో పెద్దావిడ, నెరిసిన జుట్టు, మెడలో తాడుకి వేలాడే కళ్ళజోడు, ముందుకి వంగింది. "ఈ నలుపేంటి?" అని అడిగింది.

లేజరు ఇంజనీరు లేచి నిలబడింది. "వెలుతురు కిందికి వెళ్ళింది మేడమ్" అంది. "తిరిగి రాలేదు."

"ఎక్కడా రాలేదా?"

"ఎక్కడా రాలేదు."

మంత్రిగారు ఆ ముక్క విన్నారు. ఆయన గొప్పతనం చూడాలంటే ఆ క్షణంలోనే చూడాలి. ఒక్క అడుగు ముందుకి వేసి మైకు అందుకున్నారు.

"తిరిగి రాలేదు" అన్నారు, గొంతు తగ్గించి. "లోకంలో మిగతా అడవులన్నిటిలోంచీ వెలుతురు తిరిగి వచ్చింది. సందులున్నాయి కాబట్టి వచ్చింది. మా అడవిలోకి వెళ్ళిన వెలుతురుకి బయటికి దారి దొరకలేదు. ఇంతకన్నా దట్టమైన అడవి ఎక్కడైనా ఉంటే చూపించండి, ఈ కిరీటం వాళ్ళకే ఇచ్చేయండి."

చప్పట్లు మొదలై, ఆగడం మర్చిపోయాయి. ఇంజనీరు "అది దట్టంగా ఉండటం వల్ల కాదు మేడమ్, ఈ వెలుతుర్ని నీళ్ళు మింగేస్తాయి, అక్కడ..." అని నోరు తెరిచింది. ఆ చప్పట్లలో ఆవిడ పెదాలు కదలడం మాత్రం కనబడింది.

పెద్ద జడ్జీ చప్పట్లు తగ్గేదాకా ఆగి, రేంజరుని లేవమంది. ఆవిడకి నిజంగానే తెలుసుకోవాలని ఉంది. "అడవిని కాపాడింది మీరట. చెప్పండి. అక్కడ అసలు ఏముంది?"

రేంజరు లేచాడు. మంత్రిగారి చేతిలో ఒక కవరు ఉంది. అందులో ఏముందో పీఏ పొద్దున్నే చెప్పాడు. రిటైరయ్యేదాకా అతన్ని ఈ అడవి నుంచి కదపకూడదన్న ప్రభుత్వ ఉత్తర్వు. జీవితం మొత్తంలో అతను కోరుకున్నదల్లా ఆ ఒక్క కాగితమే. ఒక్క మాట అటూ ఇటూ అయితే అది మళ్ళీ జేబులోకి వెళ్ళిపోతుంది. ఎదురుగా మూడో వరసలో అతని పెళ్ళాం కూర్చుని ఉంది. వాన వెలిసిన రోజు నుంచి ఆవిడ అతని ముఖం చూడటం లేదు. ఇప్పుడు చూస్తోంది.

"నీళ్ళున్నాయండి" అన్నాడు రేంజరు. మాట స్పష్టంగానే వచ్చింది. "చెట్లు లేవు. అన్నీ నీళ్ళే."

పెద్ద జడ్జీ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. పక్కనున్న జడ్జీ వైపు తిరిగింది. ఇద్దరూ ఏదో మాట్లాడుకున్నారు. మంత్రిగారి చేతిలోని కవరు నలిగింది.

"విన్నారా" అంది ఆవిడ సభ వైపు తిరిగి. "ఇన్నేళ్ళు అడవిని పెంచిన మనిషి, చెట్ల గురించి ఒక్క గొప్ప కూడా చెప్పుకోలేదు. ఆయన నీళ్ళ గురించి మాట్లాడుతున్నాడు. అడవి అంటే చెట్లు కాదు, అది దాచిపెట్టే నీళ్ళు అని ఇంత సూటిగా చెప్పినవాణ్ణి నేను చూడలేదు."

ఈసారి సభ మొత్తం లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. రేంజరు "అది కాదండీ, నిజంగానే..." అంటూ ఉండగానే ఆవిడ వేదిక దిగివచ్చి అతని నెత్తిన కిరీటం పెట్టింది. కిరీటం ఆకులది. ఆకులు ప్లాస్టిక్‌వి. మంత్రిగారు నలిగిన కవరుని నిమిరి సాపు చేసి అతని చేతిలో పెట్టారు. "మిమ్మల్ని ఇంక ఎవరూ ఇక్కణ్ణించి కదపలేరు" అన్నారు. ఫోటోల కోసం ఆ మాట ఇంకోసారి అన్నారు.

మూడో వరసలో ఒక్కరే కూర్చుని ఉన్నారు. ఆవిడ చప్పట్లు కొట్టలేదు. కానీ బయటికి వచ్చాక, మెట్ల మీద, అతని నెత్తి మీంచి కిరీటం తనే తీసి సంచిలో పడేసింది. "పదండి, ఇంటికెళ్దాం" అంది. ఆ మాట అనడం చాలా రోజుల తర్వాత ఇదే.

కారు దాకా పీఏ వెంట వచ్చాడు. "ఉత్తర్వులో చివర ఒక చిన్న షరతుంది, చూసుకోండి" అన్నాడు. "కొత్త నిబంధన. మీకొక్కరికే కాదు, గార్డులందరికీను. మామూలు లాంఛనం."

షరతేమిటంటే, ఈ అడవిలో డ్యూటీ చేసేవాళ్ళందరూ నెలలోగా ఈత నేర్చుకోవాలి.

ఖాకీ రంగులో ఈత నిక్కర్లు బజార్లో ఎక్కడా దొరకలేదు. పాత యూనిఫారం ప్యాంటు కత్తిరించి ఆవిడే కుట్టిపెట్టింది. సోమవారం పొద్దున రేంజరు అది తొడుక్కుని, నడుముకి రబ్బరు ట్యూబు తగిలించుకుని, చెప్పులు ఒడ్డున విడిచి, డ్యూటీ చేయడానికి అడవిలోకి దిగాడు.